గృహోపకరణ విచారము: చిన్న కంప్యూటర్లలో ఏది కొనదగినది?

"పిట్ట కొంచెము, కూత ఘనము" అను సామెత నేటి కంప్యూటర్ల విషయమున అక్షరాల సత్యమైనది. ఒకప్పుడు బల్లక్రింద బియ్యపు డబ్బావలె కూర్చుండి చోటంతయు ఆక్రమించిన పెట్టె ఇప్పుడు పోపులపెట్టె యంతకు దిగివచ్చినది. దీనిని మినీ పీసీ యందురు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ సంరక్షణము ముగిసినది. అందుచేత మన ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములందును పాతపెట్టెలను మార్చుకొనవలసిన గృహములును, చిన్న కార్యాలయములును ఉన్నవి. ఇట్టి తరుణమున ఏది కొనదగినదో, ఏది కొనరానిదో సోదరీమణులతో ముచ్చటింపదలచితిని.

మొదట ఈ యంత్రమునకు లేనివేవో తెలిసికొనవలెను. దీనికి తెర లేదు, బ్యాటరీ లేదు. మీటలపలక, మౌసు సాధారణముగ వేరుగా కొనవలసినవే. యంత్రము చౌకయని కొని వీనికై తడుముకొనుట, ఏనుగును కొని అంకుశమునకు వెనుకాడుట వంటిది. ఇంటనున్న టీవీకి హెచ్.డి.ఎం.ఐ. తీగ తగిలించి కొంతకాలము గడుపవచ్చును గాని, గంటలతరబడి లెక్కలు వ్రాయువారి కన్నులకు అది హితము గాదు. నెల్లూరిలోనో కావలిలోనో వసతిగృహమున నుండి చదువుకొను పిల్లలకు మినీ పీసీ కొనుట వ్యర్థము. వారికి ల్యాప్‌టాపే తగినది. ఒకచోట కదలక యుండి, ఇంటివారందరు వంతులవారీగా వాడుకొనుటకే ఈ చిన్నపెట్టె.

ఇక తారతమ్యము చూతము. అంగడిలో దొరకు తక్కువ వెల యంత్రములు ముఖ్యముగ రెండు తెగలు.

మొదటి తెగ, ఇంటెల్ ఎన్100 ప్రాసెసరుగల క్రొత్త యంత్రములు. ఈ ప్రాసెసరు 2023 జనవరిలో వెలువడినది; నాలుగు కోరులు గలది; దీనికి నిర్ణయించిన విద్యుత్తు 6 వాట్లు మాత్రమే. దీని తమ్ముడు ఎన్150 కొంచెము వేగము గలది. ఆ స్వల్ప భేదమునకై ఎక్కువ సొమ్ము పోయుట అనవసరము. ఉత్తరములు, లెక్కల పట్టికలు, బ్యాంకు పనులు, పిల్లల పాఠముల వీడియోలు - వీనికిది చాలును. యూట్యూబు వాడుచున్న ఏవీ1 అను వీడియో పద్ధతిని ఇది ప్రత్యేక యంత్రాంగముచే శ్రమలేక విప్పగలదు.

రెండవ తెగ, పెద్ద కార్యాలయములు వాడి విడిచినవానిని బాగుచేసి యమ్మునవి. లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్.పి. మినీ అనునవి యీ జాతివే. ఒక్కొక్కటి దాదాపు లీటరు పాలపాత్రలో నిమిడిపోవునంత ఘనపరిమాణము గలది. వీని కట్టడము దృఢము. మూతవిప్పి భాగములు మార్చుట సులభము. వీనియందు ఐ5-8500టి అను ప్రాసెసరు గలది కొనదగినది. దానికి ఆరు కోరులు. నిర్ణీత విద్యుత్తు 35 వాట్లు. ఏకకాలమున అనేక పనులు చేయించినచో ఇది ఎన్100 కంటె ముందుండును.

ఇచట మోసపోవుటకు చోటున్నది. ఐ5 అను పేరు చూచి భ్రమపడరాదు. గీత తరువాతి తొలి అంకెయే దాని తరము: 6500టి యన్నచో ఆరవ తరము, 7500టి యన్నచో ఏడవ తరము. ఈ రెండును విండోస్ 11కు మైక్రోసాఫ్టువా రంగీకరించిన పట్టికలో లేవు. పైకి మూడును కవలపిల్లలవలె నుండును. ధర తక్కువయని పాతతరమును కొన్నచో, మార్చుకొన్న ఫలితమే దక్కదు.

ఈ రెండింటికి మించి, ఆపిల్ వారి మ్యాక్ మినీ యున్నది. 2024 నవంబరులో ఎమ్4 ప్రాసెసరుతో వచ్చినపుడు మనదేశమున దాని ఆరంభపు వెల 59,900 రూపాయలు. బహు శక్తిమంతము; కాని కొన్నపిదప దానిలో మెమొరీ పెంచుట సాధ్యము గాదు. సామాన్య గృహమునకు దీని యవసరము కనబడదు. రాస్ప్‌బెర్రీ పై అను చిన్నపలక విద్యార్థులు నేర్చుకొనుటకు మంచిదే గాని, విండోసుకు అలవాటుపడిన యింటికి ప్రధానయంత్రముగ ఒప్పదు.

ఏ తెగ కొన్నను మెమొరీ 8 జీబీకి తక్కువ యుండరాదు. 16 అయినచో చాలకాలము సుఖము. సామగ్రి దాచుచోటు ఎస్.ఎస్.డి. అయి యుండవలెను. కొన్ని మిక్కిలి చౌకయంత్రములందు ఈఎమ్ఎమ్‌సీ అనునది పలకకే అతికియుండును. అది మందగతి గలది, చెడినను మార్చుట కష్టము. 2025 చివరనుండి మెమొరీ ధరలు ప్రపంచమంతట పెరిగినందున, పోయిన ఏటి ధర నమ్ముకొనక రెండుమూడు చోట్ల విచారించి కొనుడు.

విద్యుత్తు లెక్క గృహిణికి ముఖ్యము. పాతపెట్టె 80 వాట్లు, చిన్నపెట్టె 10 వాట్లు తీసికొనుననియు, దినమునకు ఎనిమిది గంటలు వాడుదుమనియు అనుకొందము. ముప్పది దినములకు మొదటిదానికి 19.2 యూనిట్లు, రెండవదానికి 2.4 యూనిట్లు. అంతకంటె మేలు విద్యుత్తు పోయినపుడు తెలియును. సామాన్యపు చిన్న యూపీఎస్ బ్యాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్-గంటలు. అనగా 84 వాట్-గంటలు. అందు సగమే పనికివచ్చినను, తెరతో గూడ 35 వాట్లు తీసికొను చిన్నయంత్రము గంటకు పైగా నడచును. తెరతో 120 వాట్లు లాగు పాతపెట్టెకు ఇరువది నిముషములే. వ్రాసిన లెక్క పోకుండ భద్రపరచుటకు ఆ వ్యవధి యెంత విలువయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఉదయగిరి నుండి నెల్లూరు దాదాపు నూరు కిలోమీటర్లు. చిన్న దోషమునకు ఒక దినమును, బస్సు ఖర్చును వ్యయమగును. కావున మరమ్మతు ఎవరు చేయుదురో, యంత్రమును ఎచటికి పంపవలెనో కొనకముందే వ్రాతపూర్వకముగ తెలిసికొనుడు. క్రొత్తదానిపైనను, దాని అడాప్టరుపైనను భారత ప్రమాణసంస్థ నమోదు గుర్తును, ఆర్ అను అక్షరము వెంట ఎనిమిది అంకెలను చూడుడు. బిల్లు తప్పక పుచ్చుకొనుడు. మన వేసవిలో యంత్రమును బీరువాలో మూయక, గాలి తగులుచోట నుంచి, దుమ్ము తుడుచుచుండుడు.

తెలుగు విషయమున దిగులు లేదు. విండోస్ 11లో తెలుగక్షరములును, తెలుగు మీటల ఏర్పాటును ఉన్నవి. ధనవ్యయము లేక లినక్సు వాడదలచువారికిని తెలుగు చక్కగా కనబడును. దొంగనకలు విండోసు వేసియిత్తుమనువారి మాట వినుటకంటె లినక్సు నేర్చుకొనుట గౌరవము, క్షేమము.

నా నిర్ణయ మిది. ఇంటి వాడుకకు, పిల్లల పాఠములకు ఎన్100 క్రొత్తయంత్రము. దగ్గరలో నమ్మకమైన అంగడియు, కొన్ని నెలల హామీయు దొరకినచో ఎనిమిదవ తరపు పాతయంత్రము కార్యాలయమునకు మేలు. ఉదయగిరిలో కొయ్యగరిటెలు, చెంచాలు చెక్కు సోదరీమణులున్నారు. ఆ పనితనమునకు భౌగోళిక గుర్తింపును లభించినది. అట్టివారు సరకు చిత్రములు పంపుటకు, బిల్లులు వ్రాయుటకు ఈ రెంటిలో ఏదైనను చాలును.

కడపట నొక్కమాట. చీటీ పాడి, పాలు అమ్మి, కుట్టుపని చేసి కూడబెట్టిన సొమ్ముతో యంత్రము వచ్చును. వచ్చినపిదప అది మగపిల్లల ఆటలపాలై గృహిణికి అందరానిదగుట పలుయిండ్ల చూచుచున్నదే. కావున దానిని గదిలో మూలకు పెట్టక నడవలో నుంచుడు. ఇంటి ఆడుపిల్లకును తనయునకును సమానమైన గంటలు నిర్ణయింపుడు. మీ పేర వేరొక ఖాతా తెరచి, దాని రహస్యపదమును మీరే యుంచుకొని, మొదటి దినముననే ఆ నెల ఇంటి జమాఖర్చు మీ చేతితో వ్రాయుడు. కొన్న సొమ్మునకు అదియే తొలి వడ్డీ.