మొగ్గ వేసే పిల్లకు పరుపేదీ?

2018 ఫిబ్రవరి 24న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో మన తెలుగుపిల్ల బుద్దా అరుణారెడ్డి జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్ పోటీలలో కాంస్య పతకం గెలుచుకున్నది. ఆ పోటీలలో వ్యక్తిగత పతకం సంపాదించిన మొదటి భారతీయురాలు ఆమె. మగవారిలోనూ అంతవరకు ఎవరూ లేరు. ఆ వార్త మన కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో ఎందరు చదివారో గాని, చదివినవారిలో కూడా చాలామంది అదేమి ఆట అని పక్కవాణ్ణి అడిగి ఉంటారు.

ఆమె గెలిచిన అంశం పేరు వాల్ట్. మన మాటలో చెప్పాలంటే పరుగెత్తి వచ్చి బల్ల మీదుగా మొగ్గ వేయడం. 25 మీటర్లకు మించని పరుగు. పరుగు చివర స్ప్రింగులున్న పలక. దాని అవతల 125 సెంటీమీటర్ల ఎత్తున బల్ల. పలక మీద నుంచి ఎగిరి, బల్లకు చేతులు ఆనించి, గాలిలో తిరగవలసినన్ని తిరుగుళ్లు తిరిగి, అవతల రెండు కాళ్ల మీద దిగి నిలబడాలి. కాలు జానెడు పక్కకు జరిగినా మార్కులు కోస్తారు. ఫైనల్లో రెండుసార్లు, రెండు వేరువేరు విధాలుగా దూకాలి. రెండింటి సగటే లెక్క. అరుణకు వచ్చింది 13.649. మొదటి స్థానంలో నిలిచిన స్లోవేనియా అమ్మాయి కిసెలెఫ్‌కు 13.800, రెండవ స్థానం దక్కిన ఆస్ట్రేలియా అమ్మాయి ఎమిలీ వైట్‌హెడ్‌కు 13.699. వెండికీ కంచుకూ నడుమ తేడా 0.05! మన మార్కెట్ యార్డులో వేరుశనగ తూచే కాటా ఏనాడూ ఇంత సన్నగా తూచి ఎరుగదు.

ఆ కంచు పతకం ఒక్కరోజులో రాలేదు. హైదరాబాదులో పుట్టిన అరుణను తండ్రి నారాయణరెడ్డి గారు చిన్నతనంలో చేర్పించినది కరాటేలో. అందులో బ్లాక్ బెల్టు దాకా వెళ్లింది. ఆ పిల్ల ఒళ్లు వంగే తీరు, కాళ్ల బలం చూసి, ఈమెకు తగినది జిమ్నాస్టిక్స్ అని తండ్రికి చెప్పినది స్వర్ణలత అనే శిక్షకురాలు. ఆయన విన్నారు. లాల్ బహదూర్ స్టేడియంలో శిక్షణ మొదలైంది. 2010లో ఆ తండ్రి కన్నుమూశారు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు, ఇంచియాన్ ఆసియా క్రీడలకు వెళ్లి ఆమె పతకం లేకుండా తిరిగి వచ్చింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లలోనూ అంతే. మెల్‌బోర్న్ నాటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. 2019లో మోకాలు దెబ్బతిని శస్త్రచికిత్స జరిగింది. ఇక ఆమె పని అయిపోయిందని అనుకొనేవాళ్లు అనుకుంటుండగానే 2021 డిసెంబరులో ఈజిప్టులోని కైరోలో ఫారోస్ కప్ పోటీలలో వాల్ట్, ఫ్లోర్ రెండు అంశాలలోనూ బంగారు పతకాలు తెచ్చింది.

ఈ కథలో అందరూ పతకాన్నే చూస్తారు. నాకు మాత్రం అన్నిటికంటె పెద్ద సంగతి స్వర్ణలత గారి చూపు. వేరే ఆట నేర్చుకుంటున్న ఒక చిన్నపిల్లను చూసి ఈమె చోటు ఇది కాదు, అది అని చెప్పగలిగిన మనిషి ఆ మైదానంలో ఉన్నది. ఆమె చెప్పిన చోట పరుపులూ బల్లా ఉన్నవి. ఆ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మెల్‌బోర్న్ లేదు.

జిమ్నాస్టిక్స్‌కు ఒక చిక్కున్నది. అది పెద్దయ్యాక నేర్చుకునే విద్య కాదు. మన కడప జిల్లా ఆడపడుచు శ్రీచరణి చిన్నప్పుడు వేరే ఆటలు ఆడి, తర్వాత క్రికెట్‌కు వచ్చి, 2025 నవంబరులో ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టులో నిలిచింది. క్రికెట్‌లో అది సాధ్యం. జిమ్నాస్టిక్స్‌లో ఆరేళ్లకో ఏడేళ్లకో ఎముక లేతగా ఉన్నప్పుడు మొదలుపెట్టకపోతే తలకిందులుగా తపస్సు చేసినా లాభం లేదు. మన బడులలో ఆటల పోటీలంటే పద్నాలుగేళ్ల లోపు, పదిహేడేళ్ల లోపు అని మండల స్థాయిలో మొదలవుతాయి. అప్పటికి జిమ్నాస్టు కావలసిన పిల్ల ఎదిగిపోయి ఉంటుంది, లేదా బడి మానేసి కలుపుతీతకు పోతూ ఉంటుంది.

అలాంటి పిల్లలు మన దగ్గర ఉన్నారా అని అడిగేవారు ఎండాకాలం ఒక పూట కె.సి. కాలువ వంతెన దగ్గర నిలబడి చూడండి. కాలువలో నీళ్లుంటే గట్టు మీద నుంచి ముందుకో మొగ్గ, వెనక్కో మొగ్గ వేసి దూకే పిల్లలు కనబడతారు. గడ్డివామి ఎక్కి దూకేవాళ్లు, ఏటి ఇసుకలో పల్టీలు కొట్టేవాళ్లు ఏ ఊళ్లో లేరు? ఎవరూ నేర్పకుండానే వాళ్లు తెలుసుకున్న సంగతి ఒకటున్నది. కింద మెత్తగా ఉంటేనే పైన ఎగరగలం. జిమ్నాస్టిక్స్ మందిరంలో నురగ ముక్కలతో నింపిన గుంత చేసే పనీ ఇదే. అయితే నేర్పే మనిషి లేకుండా పిల్లలు ఈ విన్యాసాలు చేయరాదు. మెడ మీద పడితే జన్మంతా మంచమే. బావి లోతు తెలియక దూకి ప్రాణం మీదికి తెచ్చుకోవడం పల్లెలలో కొత్త కాదు.

ఇంకొక మాట. మనలో నడివయసు దాటినవారంతా దొమ్మరి ఆట చూసినవారే. డోలు మోగుతుండగా గడ కొసన కడుపు ఆనించి గిరగిర తిరిగిన పిల్లను, మోకు మీద నడిచిన పిల్లను నోరు తెరుచుకొని చూశాం. జిమ్నాస్టిక్స్‌లో ఆడపిల్లలు ఆడే బీమ్ అనే దూలం వెడల్పు 10 సెంటీమీటర్లు. మోకు వెడల్పు ఎంతో మనకు తెలుసు. ఆ ఆట అయిపోయాక గుప్పెడు గింజలు వేశాం, మర్నాడు ఆ కులం పేరును తిట్టుగా వాడుకున్నాం. విదేశంలో చేస్తే విద్య అయినది మన రచ్చబండ ముందు చేస్తే బిచ్చం అయింది. పొట్టకూటి కోసం పిల్లలను గడ ఎక్కించడం మళ్లీ రావాలని నేను కోరడం లేదు. అది పోవలసినదే. కాని తరతరాలుగా ఒంట్లో ఇంకిన ఆ నేర్పు ఉన్న ఇండ్లలోని పిల్లలు ఈనాడు బడిలో వెనుక బెంచీలో కూర్చున్నారు. వాళ్లను పిలిచి చూసిన క్రీడాధికారి ఎవరైనా ఉంటే నేను చేతులెత్తి మొక్కుతాను.

హైదరాబాదు వంటి పట్నంలో జరిగింది మన మూల జిల్లాలలో ఎట్లా జరుగుతుందని కొందరంటారు. దేశానికి ఈశాన్యపు మూలనున్న అగర్తలా మనకంటె మూల కాదా? అక్కడి దీపా కర్మాకర్ ఆరేళ్ల వయసులో నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆమె పాదాలు చదునుగా ఉండేవి, జిమ్నాస్టులకు అది లోపం. శిక్షకుడు విశ్వేశ్వర్ నంది ఏళ్ల తరబడి ఆ పాదాలను సరిచేశాడు. తొలినాళ్లలో పరికరాలు లేక పాత స్కూటరు విడిభాగాలతో వాల్ట్ సాధనం తయారు చేసుకున్నారు. ఆ పిల్లే 2016 రియో ఒలింపిక్స్‌లో 15.066 మార్కులతో నాలుగవ స్థానంలో నిలిచింది. 0.150 తేడాతో కంచు పతకం తప్పిపోయింది. 2024లో తాష్కెంట్‌లో ఆసియా చాంపియన్ అయి, ఆ ఏడాది అక్టోబరులోనే ఆట విరమించుకున్నది. నంది ఆకాశం నుంచి ఊడిపడలేదు, తానూ జాతీయ చాంపియన్‌గా ఉన్నవాడే. దీపకు ఎంతో ముందే మంటూ దేబ్‌నాథ్ అనే జిమ్నాస్టు త్రిపురకు అర్జున అవార్డు తెచ్చాడు. ఒకడు నేర్చి మరొకరికి నేర్పితే మూల కూడా కేంద్రమవుతుంది. మెల్‌బోర్న్‌లో అరుణతోపాటు ఆరవ స్థానంలో నిలిచిన ప్రణతి నాయక్ పశ్చిమ బెంగాలులోని పింగ్లా ప్రాంతపు బస్సు డ్రైవరు బిడ్డ. టోక్యో ఒలింపిక్స్ దాకా వెళ్లింది.

తాగునీళ్లకే దిక్కు లేని ఊళ్లలో ఈ మొగ్గలెందుకు అని అడిగేవారికి కోపం లేకుండానే జవాబు చెప్పవచ్చు. కోసిగి, పెద్దకడబూరు పక్క నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికని గుంటూరు మిరప తోటలకు పోతున్నాయి. బిడ్డలు వెంట పోయి బడికి దూరమవుతున్నారు. నీళ్లు కావాలి, పని కావాలి, ఎవరూ కాదనరు. కాని నీళ్లు వచ్చేదాకా ఏడేళ్ల పిల్ల ఏడేళ్ల దగ్గరే ఆగి ఉండదు కదా! బడిలో ఆట ఉంటే, హాస్టలులో చోటు ఉంటే ఆ పిల్ల ఊళ్లో నిలుస్తుంది. ఆడపిల్ల మొగ్గలేయడమేమిటని ముక్కున వేలు వేసుకునే పెద్దలు ఆ పిల్లే మిరపకాయల బస్తా మోస్తే ఏమీ అనరు.

ప్రభుత్వం చేయవలసినది కొండంత పనేమీ కాదు. కర్నూలులో ఒకటి, కడపలో ఒకటి, పైకప్పున్న మందిరాలు కావాలి. పరుపులు, నురగ గుంత, వాల్ట్ బల్ల, దూలం, వీటికంటె ముందు జీతమిచ్చి నిలిపి ఉంచే ఒక మహిళా శిక్షకురాలు కావాలి. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు ఎలాంటి ఒడలిని గుర్తుపట్టాలో నేర్పడానికి రెండు రోజుల తరగతి చాలు. డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల పాఠానికి ఎత్తుకుపోవడం మానాలి.

కడప శివారులోని ప్రభుత్వ క్రీడా పాఠశాల నాలుగవ తరగతిలో పిల్లలను చేర్చుకుంటుంది. ఎంపిక పరీక్షలలో పరుగు, దూకుడుతో పాటు ఒళ్లు ఎంత వంగుతుందో చూసే పరీక్ష కూడా ఉన్నది. ఆ ప్రకటన ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతుందో పల్లెలకు తెలియదు. ఈసారి వచ్చినప్పుడు ప్రతి ఊరి హెడ్మాస్టరు దాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి, దండోరా వేయించినా సరే. కాలువ గట్టు మీద మొగ్గలేసే పిల్ల ఎవరో ఊరందరికీ తెలిసే ఉంటుంది. ఆ పిల్లను, వాళ్లమ్మను కడప బస్సు ఎక్కించండి. రానుపోను చార్జీలు పంచాయతీ పెట్టుకుంటే ఆడిటు అభ్యంతరం వస్తుందంటారా, నలుగురు రైతులు తలా పది రూపాయలు వేసుకోండి.