వాక్యూమ్ పరికరాన్ని చాటుగా వాడవద్దు

గడచిన శీతకాలంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు తెల్లవారకముందే నా వైద్యశాల అరుగు మీద వచ్చి కూర్చున్నారు. అరవై రెండేళ్ల వయస్సు, పద్నాలుగేళ్లుగా మధుమేహం. బాధ ఏమిటని అడిగితే మూత్రంలో మంట అన్నారు. పరీక్షించి చూడగా అంగమూలంలో కోసినట్లు నల్లని గాటు, దానికి ముందు వాపు, చర్మం కింద రక్తపు మచ్చలు. అప్పటికి గాని నిజం బయటకు రాలేదు. ఎవరికీ తెలియకుండా తెప్పించుకున్న గాలిపంపుతో స్తంభన తెచ్చుకున్నారు. దానితో వచ్చిన రింగు వదులుగా ఉన్నదని, కూరల పొట్లాలకు చుట్టే రబ్బరుబ్యాండు రెండు చుట్లు వేసుకున్నారు. అలాగే నిద్రపోయారు. మెలకువ వచ్చేసరికి రెండున్నర గంటలు గడచిపోయాయి.

నేను మందు ఇవ్వలేదు. నా చేతి చీటీతో వెంటనే యూరాలజిస్టు వద్దకు ఆటోలో పంపాను. దైవవశాత్తు అంగానికి శాశ్వతమైన హాని జరగలేదు.

కుటుంబమంతా చదివే పత్రికలో ఇటువంటి విషయం రాయవచ్చునా అని కొంతకాలం సంకోచించిన మాట వాస్తవం. మన మహర్షులకు లేని సంకోచం మనకెందుకు? ఆయుర్వేదం ఎనిమిది అంగాలలో వాజీకరణం ఒకటి. చరకుడు క్లైబ్యాన్ని బీజదోషం వల్ల, ధ్వజోపఘాతం వల్ల, వార్ధక్యం వల్ల, శుక్రక్షయం వల్ల కలిగేదిగా నాలుగు విధాలుగా విభజించి చర్చించాడు. దాచిపెట్టడం మనం తరువాత నేర్చుకున్న అలవాటు.

ఆయుర్వేద వైద్యునికి ఈ పరదేశపు యంత్రంతో పని ఏమిటని కొందరు అడగవచ్చు. గాలిని తీసి రక్తాన్ని ఒకచోటికి రప్పించడం మన శాస్త్రానికి కొత్త కాదు. రక్తమోక్షణానికి కొమ్మును, జలగను, సొరకాయ బుర్రను వాడే విధానం సుశ్రుతంలో ఉన్నది. బుర్రలో దీపం ఉంచి చర్మంపై బోర్లిస్తే లోపలి గాలి పలచబడి రక్తాన్ని లాగుతుంది. మా గురువుగారు బుర్ర పెట్టినప్పుడు రోగి పక్కనుంచి కదిలేవారు కారు. వాకిట్లో ఎవరు పిలిచినా పలికేవారు కారు. చర్మం రంగును చూస్తూ, వేళ్లతో తాకి చూస్తూ కూర్చునేవారు. ఆ రోజుల్లో అది చాదస్తమనుకున్నాను. మొన్న ఆ ఉపాధ్యాయుల స్థితి చూసినప్పుడు ఆ కూర్చోవడమే వైద్యంలో సగమని తెలిసింది.

ఇక యంత్రం సంగతి. వియన్నాకు చెందిన ఒట్టో లెడరర్ 1917లో ఇటువంటి పరికరానికి పేటెంటు పొందాడు. దీనిని వైద్యలోకానికి దగ్గర చేసినది మాత్రం గెడ్డింగ్స్ ఆస్బన్ అనే అమెరికా దేశస్థుడు. ఆయన వైద్యుడు కాడు, టైర్ల వ్యాపారి. తన ఇబ్బందికి తానే ఉపాయం కనిపెట్టుకున్నాడు. 1982లో ఆ దేశంలో దాని అమ్మకానికి అనుమతి లభించింది. ఒక ప్లాస్టిక్ గొట్టం, దానికి చేతితోనో బ్యాటరీతోనో నడిచే పంపు, ఒక సాగే రింగు, పరికరమంటే ఇంతే. గొట్టంలోని గాలి తగ్గితే రక్తం అంగంలోకి చేరుతుంది. ఆ రక్తం వెనుకకు మరలకుండా రింగు ఆపుతుంది. దీర్ఘకాలపు మధుమేహంలోను, ప్రోస్టేటు శస్త్రచికిత్స తరువాత నరాలు దెబ్బతిన్నప్పుడు కూడా ఇది పనిచేస్తుంది. నరాలు నశించిన చోట ఎన్ని లేహ్యాలు తినిపించినా ఫలితం స్వల్పమని నా నలభై ఏళ్ల అనుభవం. తోటి వైద్యులకు ఇది రుచించకపోవచ్చు.

సహజమైన స్తంభనకు, దీనికి తేడా కలదు. రింగుకు ముందు భాగమే గట్టిపడుతుంది, మొదలు ఊగుతూ ఉంటుంది. అంగం కొంత చల్లగా, నీలి ఛాయతో కనిపించవచ్చు. స్ఖలనం రింగు దగ్గర ఆగిపోవచ్చు. ఇవి ముందుగా తెలియని వారు బెదిరిపోయి పరికరాన్ని మూలన పడవేస్తారు, లేదా ఇంకా బలంగా లాగుతారు. రెండవది ప్రమాదం. ఒకటి రెండు నిమిషాలు మెల్లగా పంపు కొట్టి, కాసేపు ఆగి, మరల కొట్టాలి. నొప్పి తోచిన క్షణమే గాలి వదలాలి. మొదటి పది రోజులు రింగు జోలికి పోకుండా పంపు ఒక్కటే అభ్యాసం చేయడం మంచిది. గొట్టం అంచున వెంట్రుకలు కత్తిరించుకోవాలి. వృషణాల చర్మం లోనికి లాగబడకుండా చూసుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యం రింగు. ముప్పై నిమిషాలు దాటి ఒక్క నిమిషం కూడా ఉంచరాదు. రింగు ఉండగా నిద్రపోరాదు, మద్యం సేవించిన రాత్రి దీనిని ముట్టుకోనేరాదు. మరల వాడడానికి కనీసం ఒక గంట ఎడం కావాలి. తీయడానికి వీలుగా పక్కన చెవులున్న రింగును, అంగానికి తగిన కొలతలో ఎన్నుకోవాలి. దారం, రబ్బరుబ్యాండు, లోహపు ఉంగరం వంటివి కట్టుకున్నవారికి అంగం కుళ్లిపోయిన సందర్భాలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. రింగు ఊడిరాకపోయినా, తీసిన తరువాత రంగు, స్పర్శ తిరిగి రాకపోయినా ఆసుపత్రికి పోవాలే గాని తెల్లవారే దాకా ఆగకూడదు.

నావంటి వారు చేసే పొరపాటు మరొకటి ఉన్నది. శ్రీగోపాల తైలమో, అశ్వగంధ తైలమో రాసుకుని వాడమని చెబుతారు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. నీటిలో కరిగే జెల్లీయే వాడాలి. తైలమర్దనం వేరొక వేళకు ఉంచుకోవచ్చు.

గాలి తీసే బలానికి హద్దు నిర్ణయించే వాల్వు లేని పంపును ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. అంగం శాశ్వతంగా పెరుగుతుందని చెప్పి ఆన్‌లైనులో అమ్మేవి చాలావరకు ఈ కోవకు చెందినవే. ఆ పెరుగుదల అబద్ధం. సంభోగశక్తిని పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి ఔషధాలు, మాయాచికిత్సల చట్టం నిషేధించింది. అయినా రైలు పట్టాల వెంట గోడలు ఏమి చెబుతున్నాయో పాఠకులకు తెలియనిది కాదు.

రక్తం పలచబడే వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు, రక్తస్రావ వ్యాధులున్నవారు, మన ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాలలో కనిపించే సికిల్ సెల్ వ్యాధి గలవారు, అంగం బాగా వంకర తిరిగినవారు, నడుము కింద స్పర్శజ్ఞానం లేనివారు నిపుణుని అడగకుండా దీనిని వాడరాదు. స్పర్శ లేనివారికి నొప్పి అనే హెచ్చరికే అందదు.

పరికరం కొనక ముందే రక్తంలో చక్కెర, రక్తపోటు, గుండె పరీక్ష చేయించుకోవాలి. అంగానికి రక్తం తెచ్చే ధమనులు గుండె ధమనుల కంటె సన్నవి. పూడిక మొదట అక్కడ బయటపడి, కొన్నేళ్లకు గుండెలో కనిపించవచ్చు. పదేళ్ల కిందట ఒక షావుకారు గారికి ఏడాది పొడుగునా అశ్వగంధ లేహ్యం ఇచ్చాను. గుండె చూపించుకోమని ఒక్క మాట అనలేదు. ఆయన తన కొట్టులోనే కుప్పకూలారు. బతికి బయటపడ్డారు గాని, ఆ తరువాత నన్ను కలిసినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆ ఉపాధ్యాయులకు గాయం మానిన పిమ్మట యూరాలజిస్టు తగిన పరికరం రాసి ఇచ్చారు. దానిని తీసుకుని ఆయన నా వద్దకు వచ్చారు. ఈసారి భార్యతో కలసి రావలెనని తిప్పి పంపాను. మనసుకు నచ్చిన స్త్రీయే వాజీకరణాలలో శ్రేష్ఠమైనదని చరకుడు చెప్పగా, ఆ స్త్రీకే తెలియకుండా స్నానాలగదిలో తలుపు వేసుకుని యంత్రం వాడడం ఏమి వైద్యం? నాలుగు రోజులకు ఇద్దరూ వచ్చారు. ఆమె తలవంచుకుని అంతా విన్నారు. రింగు ఎలా తీయాలో రెండుసార్లు అడిగి, నా బల్ల మీది సీసామూతకు తగిలించి తీసి చూశారు. లేవబోతూ ఒకే మాట అన్నారు: “గడియారం నేను చూస్తానండీ. ఈయనకు పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే గుర్తుండదు.”