ఐదు దాటితే బడి మారుస్తున్నారు.. చిన్న పట్టణాల్లో సర్కారు బడులకు అసలు పరీక్ష ఆరో తరగతే!

జూన్ వచ్చిందంటే చాలు.. చిన్న పట్టణాల్లో సందు సందుకూ ప్రైవేటు స్కూల్ బస్సులు, ఆటోలు వచ్చేస్తాయి. ఐదో తరగతి దాకా వీధి చివరి సర్కారు బడిలో చదివిన పిల్లలు ఆరుకు వచ్చేసరికి ఆ బస్సు ఎక్కేస్తున్నారు. ఎందుకిలా?

వచ్చారు.. వెళ్లిపోయారు

అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో 6-14 ఏళ్ల పిల్లల్లో సర్కారు బడుల్లో ఉన్నవాళ్లు 2018లో 65.6 శాతం. కొవిడ్ తర్వాత, 2022లో అది 72.9 శాతానికి పెరిగింది. 2024కి మళ్లీ 66.8 శాతానికి పడిపోయింది. అంటే తలుపు తట్టి వచ్చినవాళ్లను బడి నిలుపుకోలేకపోయింది. ఈ సర్వే పట్టణాలకు వెళ్లదు. కానీ నాలుగడుగులు వేస్తే ప్రైవేటు స్కూల్ కనిపించే మున్సిపాలిటీల్లో పోటీ ఇంకా గట్టిది.

ప్రైవేటుకు వెళ్తే చదువు వచ్చేసినట్టేనా?

అదీ లేదు. 2024 అసర్‌లో ఎనిమిదో తరగతి పిల్లల్లో మామూలు భాగహారం చేయగలిగింది 45.8 శాతమే. ఇది సర్కారు, ప్రైవేటు రెండూ కలిపిన లెక్క.

చిక్కు ఎక్కడుంది?

విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు లెక్కలు-సైన్స్‌కు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు.. కనీసం ఇలా టీచర్లు ఉండాలి. 35 మందికి ఒక టీచర్ చొప్పున ఇవ్వాలి. అయితే పిల్లలు తగ్గితే పోస్టులు వేరే బడికి పోతాయి. లెక్కల టీచర్ లేడని తెలిస్తే ఇంకో పది మంది వెళ్లిపోతారు. ఇదో విషవలయం.

దీనికి తోడు విధానాల మార్పు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117తో 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపారు. 2025లో ఆ జీవోను పక్కనపెట్టి తొమ్మిది రకాల బడుల విధానం తెచ్చారు. వచ్చే ఏడాది మన బడి ఇక్కడే ఉంటుందా అన్న అనుమానం మొదలైతే తల్లిదండ్రులు ఆగరు. పైగా తల్లికి వందనం డబ్బు ప్రైవేటు పిల్లలకూ వస్తోంది. అంటే ఆ సొమ్ము కోసమైతే సర్కారు బడిలోనే ఉండాల్సిన పని లేదు. పిల్లల్ని నిలిపేది పాఠం ఒక్కటే.

తల్లిదండ్రులు ఏం చేయొచ్చు?

కొత్త రంగులు, బెంచీలు అవసరమే. కానీ అడ్మిషన్‌కు ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఆరో తరగతికి లెక్కలు ఎవరు చెబుతారు, ఈ ఏడాదంతా ఉంటారా? చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. ఆ ప్రశ్న అక్కడ గట్టిగా వినిపించాలి. దానికి జూన్ మొదటి వారంలోనే సమాధానం చెప్పగలిగిన బడి ముందు నుంచి బస్సు ఖాళీగానే వెళ్తుంది.