తలుపు తెరిచారు, తాళంచెవి ఎవరి దగ్గర?

2025 సంవత్సరాన్ని ఐక్యరాజ్య సమితి క్వాంటమ్ శాస్త్ర, సాంకేతిక సంవత్సరంగా పాటించింది. అదే ఏడాది మే నెలలో ఐబిఎం, టిసిఎస్ సంస్థలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి అమరావతిలో 156 క్యూబిట్ల యంత్రాన్ని నెలకొల్పనున్నట్లు ప్రకటించాయి. ఈ వార్త చదివిన తల్లిదండ్రులకు సహజంగా కలిగే సందేహం ఒకటుంది. కోట్ల రూపాయల ఈ యంత్రాలకూ, మన ఊరి డిగ్రీ కాలేజీలో చదువుకుంటున్న అమ్మాయికీ, అబ్బాయికీ సంబంధం ఏమిటి?

సంబంధం ఉంది. అది ఇంటర్నెట్ ద్వారా ఏర్పడింది.

మామూలు కంప్యూటర్‌లో ప్రతి బిట్ 0 గానో 1 గానో ఉంటుంది. క్యూబిట్‌ను మాత్రం కొలిచే వరకు ఈ రెండు స్థితుల మేళవింపులో ఉంచవచ్చు. ఈ స్థితి చాలా సున్నితమైనది. కాస్త వేడి తగిలినా చెదిరిపోతుంది. అందుకే ఐబిఎం తన చిప్‌లను మైనస్ 273 డిగ్రీలకు దరిదాపుల్లో చల్లబరచి పనిచేయిస్తుంది. అంతటి శీతల యంత్రాన్ని కొని నిర్వహించడం ఏ జిల్లా కాలేజీకీ సాధ్యం కాదు.

ఈ అడ్డంకి 2016 మే నెలలో కొంత తొలగింది. అమెరికాలోని తన ప్రయోగశాలలో ఉన్న 5 క్యూబిట్ల యంత్రాన్ని ఐబిఎం ఇంటర్నెట్ ద్వారా అందరికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. 2020లో అమెజాన్ కూడా ఇతర సంస్థల క్వాంటమ్ యంత్రాలను అద్దెకిచ్చే సేవ ప్రారంభించింది. దీన్నే క్లౌడ్ అంటున్నారు. యంత్రం ఎక్కడో ఉంటుంది, మనం ఇక్కడి నుంచి పని పంపుతాం. విద్యార్థి రాసిన ప్రోగ్రామ్ వరుసలో నిలబడుతుంది. వంతు వచ్చాక మైక్రోవేవ్ సంకేతాలుగా మారి చిప్‌ను చేరుతుంది. అదే ప్రయోగాన్ని యంత్రం వెయ్యిసార్లో, అంతకు మించో జరిపి, ఏ ఫలితం ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పంపుతుంది.

ఒక చిన్న ప్రయోగం చూద్దాం. రెండు క్యూబిట్లను పెనవేసి కొలిస్తే సగం సార్లు 00, సగం సార్లు 11 రావాలని సిద్ధాంతం చెబుతుంది. అసలు యంత్రం మీద చేస్తే మధ్యమధ్యలో 01, 10 కూడా కనిపిస్తాయి. ఇది విద్యార్థి తప్పు కాదు, యంత్రంలోని లోపాల ఫలితం. ఈ లోపాలను అదుపు చేయడమే నేటి శాస్త్రవేత్తల ముందున్న అతి పెద్ద సవాలు. అంటే శాస్త్రవేత్త తలపడుతున్న సమస్యనే డిగ్రీ విద్యార్థి కూడా కళ్లారా చూడగలుగుతున్నాడు.

ఈ సదుపాయాన్ని మనవాళ్లు సద్వినియోగం చేసుకున్నారు. 2017లో కోల్‌కతా ఐసర్‌కు చెందిన ప్రశాంత పాణిగ్రాహి బృందం ఇక్కడే ఉండి, ఐబిఎం వారి 5 క్యూబిట్ల యంత్రం మీద క్వాంటమ్ చెక్కు ప్రయోగం జరిపింది. 2018లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు క్లౌడ్ ద్వారానే డ్యూటెరాన్ అనే పరమాణు కేంద్రకపు బంధన శక్తిని లెక్కించారు. మామూలు కంప్యూటర్ కూడా చేయగల లెక్కే అది. అయినా సొంత యంత్రం లేకుండా ఇలాంటి పరిశోధన చేయవచ్చని రుజువైంది.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. యంత్రం ఎవరిదో నిర్ణయం వారిదే. తొలినాళ్లలో ఉచితంగా ఇచ్చిన చిన్న యంత్రాలను ఐబిఎం తరువాత ఉపసంహరించింది. 2024 నాటికి పెద్ద యంత్రాల మీద ఉచిత సమయం నెలకు 10 నిమిషాలు. అంతకు మించి కావాలంటే సెకనుకు 1.60 డాలర్లు, అంటే మరో 10 నిమిషాలకు 960 డాలర్లు. మన కాలేజీల్లో ఎన్ని అంత ఖర్చు భరించగలవు? 2024 సెప్టెంబర్‌లో అమెరికా ప్రభుత్వం ఒక స్థాయి దాటిన క్వాంటమ్ కంప్యూటర్ల ఎగుమతులపై ఆంక్షలు కూడా విధించింది. ఇవాళ తెరిచి ఉన్న తలుపు రేపూ తెరిచే ఉంటుందన్న భరోసా లేదు.

కాబట్టి సొంత యంత్రాలు అవసరం. 2023 ఏప్రిల్‌లో కేంద్రం 6,003 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1,000 క్యూబిట్ల యంత్రాలను దేశంలోనే రూపొందించడం దాని లక్ష్యాల్లో ఒకటి. కానీ యంత్రం మన గడ్డ మీద ఉన్నంత మాత్రాన అది మన పిల్లలకు అందినట్టు కాదు. అమరావతి యంత్రాన్ని అయినా కర్నూలు, శ్రీకాకుళం విద్యార్థులు వాడేది దూరం నుంచే. దాని సమయంలో కంపెనీలకెంత, ప్రభుత్వ కాలేజీలకెంత? ఇది ముందే తేలాల్సిన ప్రశ్న. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకు, పాలిటెక్నిక్‌లకు నిర్ణీత గంటలు కేటాయించాలని ప్రజాప్రతినిధులను ఇప్పుడే అడగాలి. పంపకం అయిపోయాక అడిగితే మిగిలేది ఏముంటుంది?

ఇక కుటుంబాల వంతు. క్వాంటమ్ పేరు చెప్పి వేలకు వేలు ఫీజులు అడిగేవారి దగ్గరకు పరుగెత్తవద్దు. ఇంటర్ ఎంపీసీలో చెప్పే మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత, వీటికి తోడు పైథాన్ భాష వస్తే పునాది పడినట్టే. మామూలు కంప్యూటర్ మీద నమూనాగా చేసి చూసుకునే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అక్కడ సరిచూసుకుని అసలు యంత్రానికి పంపితే చిన్న ప్రయోగానికి కొన్ని సెకన్లు చాలు. దూరాభారం వల్ల, ఖర్చు వల్ల పెద్ద నగరాలకు పంపలేని పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఇంటి నుంచే ప్రయోగశాలను చేరే దారి ఇది.

తాళంచెవి మన చేతికి రావడానికి ఏళ్లు పట్టవచ్చు. తలుపు తెరిచి ఉన్నప్పుడు లోపలికి వెళ్లి నేర్చుకున్నవారే రేపు ఆ తాళంచెవిని తయారు చేయగలరు.