వాహన సంరక్షణ: పంపు కొనేవేళ పెట్టె మీది పేరు చాలునా?

సూరత్ నుండి అంకలేశ్వర్ వైపు పోయే దారిలో, సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, కిమ్ అనే ఊరున్నది. ముంబయి-వడోదర మార్గంలో ఒక రైల్వే స్టేషను, అదే పేరుగల ఒక చిన్న నది, జాతీయ రహదారి మీద కిమ్ చార్ రస్తా అని పిలిచే కూడలి, ఇంతే దాని పరిచయం. మన లారీ డ్రైవర్లకు మాత్రం అది కొత్తచోటు కాదు. ధూలే మీదుగా సూరత్ చేరి, అక్కడినుండి వడోదరకో అహమ్మదాబాదుకో సాగే బండ్లు ఈ దారినే పట్టాలి. 2010లో సంఖ్యలు మార్చేవరకు ఇది 8వ నంబరు రహదారి, ఇప్పుడు 48.

అటువంటి కూడలిలో బండి ఆగి, పంపు పోయినదని మెకానిక్కు తేల్చినప్పుడు డ్రైవరు ముందుకు మూడు ధరలు వస్తాయి. కంపెనీ పెట్టెలోని సరుకు ఒక ధర, బజారు సరుకు అందులో సగమో అంతకంటె తక్కువో, పాత పంపును బాగుచేసి ఇచ్చేది ఇంకొక ధర. యజమాని ఫోనులో “చవకది వేయించు” అంటాడు. బండి నూరు కిలోమీటర్ల తరువాత మళ్ళీ ఆగితే ఎండలో కూర్చునేది, ఆలస్యానికి మాటపడేది డ్రైవరు. (గుజరాత్‌లో ‘పంప్’ ఎక్కడ దొరుకుతుందని అడిగితే డీజిల్ బంకు చూపిస్తారు. మనం మాట్లాడుకొనేది ఇంజనుకు డీజిలు అందించే పంపును గురించి.)

ఈ పంపు చేసే పని ఎంత సున్నితమైనదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆరు సిలిండర్ల లారీ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు మూడున్నర కిలోమీటర్ల చొప్పున పోతున్నదనుకొందాం. గంటకు పదునాలుగు లీటర్ల పైచిలుకు డీజిలు ఖర్చవుతుంది. ఇంజను నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతుంటే ఒక్కొక్క సిలిండరుకు నిమిషానికి 900 సార్లు, అనగా సెకనుకు 15 సార్లు, ఇంధనం అందాలి. భాగిస్తే ఒక్కసారికి వచ్చేది సుమారు 44 ఘనపు మిల్లీమీటర్లు. మందుసీసా డ్రాపరు నుండి రాలే ఒక్క చుక్కకంటె తక్కువ! ఆరు సిలిండర్లకూ ఆ చుక్క సమానంగా, సరియైన క్షణంలో, పాత రకపు బండ్లలోనైనా వాతావరణ పీడనానికి రెండువందల రెట్ల ఒత్తిడితో చేరాలి.

ఈ పనిని చేసేవి పంపులోని ఎలిమెంట్లు. ఎలిమెంటు అంటే ఒక ప్లంజరు, అది కదలాడే ఒక బ్యారెలు. వాటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. ఈ రెండింటినీ జతగా అరగదీసి జతగానే అమ్ముతారు. ఒకదాని ప్లంజరు మరొకదాని బ్యారెలులో పనిచేయదు. ఉక్కు రకం, దానికి పెట్టిన పదును, ఈ సందు కొలత, ఈ మూడింటిలో ఏది తగ్గినా పైకి కనబడదు. నకలు సరుకు బ్రతుకుతున్నది ఈ కనబడకపోవడం మీదనే.

అట్లని బజారు సరుకంతా నకలని తీర్మానించడం న్యాయం కాదు. జర్మనీలో బాష్ సంస్థ 1927లో డీజిల్ పంపులను పెద్దఎత్తున తయారు చేయసాగినది మొదలు, బండి తయారుచేసేవారు వేరు, పంపు తయారుచేసేవారు వేరు అనే పద్ధతే ఎక్కువగా నడిచినది. మనదేశంలో 1951లో స్థాపితమైన మైకో, 2008లో బాష్ లిమిటెడ్ అయినది. డ్రైవర్లు ఇంకా మైకో పంపు అనే అంటారు. అటువంటి తయారీదారు తన సరుకును బండి కంపెనీకీ ఇస్తాడు, తన పేరుతో బజారులోనూ అమ్ముతాడు. ఆ రెండవది చవకగా దొరికితే దానిని శంకించవలసిన పని లేదు. విడిభాగాలను బహిరంగ విపణికి రానీయడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ పదునాలుగు కార్ల కంపెనీలపై రెండున్నర వేల కోట్ల రూపాయలకు పైబడిన జరిమానా విధించినది. దానిపై అప్పీళ్ళు నడిచినా, కంపెనీ షోరూములో కొన్నదే సరుకు అనే వాదం ఆ తీర్పుతో చాలావరకు పలుచబడినది.

వేరొకరి పేరు అచ్చువేసిన పెట్టెలో దొరికేది మాత్రం నేరం. ట్రేడ్ మార్కుల చట్టం, 1999 క్రింద ఆరు నెలలనుండి మూడేండ్ల వరకు జైలు, యాభైవేలనుండి రెండు లక్షల వరకు జరిమానా ఉన్నవి. ఈ రెండు కొసలకు మధ్యనున్నది స్వంత పేరు పెట్టుకొని ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు చేసే చిన్న తయారీదారుల సరుకు. అందులో మంచీ ఉన్నది, చెడూ ఉన్నది. దానిని పేరుచూసి కాక, బెంచిమీద పెట్టి తేల్చుకోవాలి.

నా దృష్టిలో అసలు కీలకం ఈ బెంచియే. ఎలిమెంట్లు ఎంత మంచివైనా, పంపును పరీక్షాయంత్రం మీద తిప్పి, ఆరు గొట్టాలలోనుండి వచ్చే డీజిలును ఆరు గాజుగొట్టాలలో కొలిచి సరిచేయనిదే ప్రయోజనం లేదు. ఆరు సిలిండర్ల పంపులో ఒకదానికి మరొకదానికి 60 డిగ్రీల ఎడం ఉండాలి. గవర్నరు అనుకున్న చుట్ల దగ్గర డీజిలును కోయాలి. కొలతలన్నీ వ్రాసిన కాగితం ఇచ్చి, సర్దుబాటు మరలకు సీసపు ముద్ర వేసి ఇచ్చే దుకాణంలో బాగుచేసిన పాత పంపు, బెంచి ఎక్కని కొత్త పంపుకంటె నమ్మదగినది. ముద్ర త్రెంచి “పికప్పు పెంచుతాను” అని మర త్రిప్పే మెకానిక్కు నల్లపొగను, డీజిలు ఖర్చును పెంచుతాడు. చాలాసార్లు పంపుకు చెడ్డపేరు తెచ్చేది అతడే.

చల్లని ఇంజను వెంటనే అందుకొని, ధాబా దగ్గర అరగంట ఆపిన వేడి ఇంజను అందుకోకపోతే ఎలిమెంట్లు అరిగినవని అనుమానించాలి. వేడికి పలుచబడిన డీజిలు అరిగిన సందులోనుండి జారిపోతుంది. ఇన్‌లైన్ పంపులో అదే డీజిలు క్రిందనున్న ఆయిలులో కలుస్తుంది.

ఇక పంపును చంపేది పంపు కాదు, ఇంధనం. నీరు తుప్పు పట్టిస్తుంది, ధూళి గీతలు పెడుతుంది. ప్లంజరుకు డీజిలే కందెన కనుక, పలుచని కల్తీ కలిస్తే ఇనుము ఇనుమును రాస్తుంది. 2021లో బయోడీజిల్ పేరుతో అమ్ముతున్న కల్తీ ఇంధనంపై గుజరాత్ పోలీసులు రాష్ట్రమంతటా దాడులు జరిపారు. చవకగా దొరికినదని అది పోయించుకొన్నవాడు ఏ పంపు వేయించినా ఒకటే. మంచి డీజిలులోనూ మార్పు వచ్చినది. 2020 ఏప్రిల్ నుండి గంధకం పదిలక్షల భాగాలకు పది భాగాలకు మించరాదు. గంధకాన్ని తొలగించే ప్రక్రియలో జిడ్డుగుణం కూడ తగ్గుతుంది. శుద్ధికర్మాగారాలవారు దానిని వేరే రసాయనాలతో పూరిస్తారు.

కామన్ రైల్ పద్ధతి వచ్చిన తరువాత ఈ లెక్కలు మరింత కఠినమైనవి. 2017లో బి.ఎస్.-4 ప్రమాణం దేశమంతటికీ వచ్చినప్పుడు అశోక్ లేలాండ్ ఇన్‌లైన్ పంపుతోనే దానిని అందుకొన్నది. పల్లెటూరి మెకానిక్కుకు అది మేలే. 2020లో బి.ఎస్.-6 రాకతో కామన్ రైల్‌దే రాజ్యమైనది. ఇక్కడ ఒత్తిడి వాతావరణ పీడనానికి పదునారు వందల రెట్లు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. పాత పంపు అరిగితే పొగ వస్తుంది, బలం తగ్గుతుంది. ఎట్లో ఊరు చేరవచ్చు. ఈ పంపు లోపల విరిగితే లోహపు రజను రైలులోనికి, ఇంజెక్టర్లలోనికి పోయి, తిరుగు గొట్టం ద్వారా ట్యాంకులో పడుతుంది. పంపు ఒక్కటే మార్చి, ట్యాంకు కడగక బండిని వదిలితే కొత్త పంపూ అదేదారి పడుతుంది. ఈ రకం బండికి రోడ్డుప్రక్కన పేరులేని పంపు వేయించడంకంటె బండిని లాగించుకొనిపోవడమే చవక.

మన కొనుగోలు విభాగం మిత్రులకు ఒక మాట. అతితక్కువ ధర కోట్ చేసినవారికే ఆర్డరు అనే నియమం కుర్చీలకు, కాగితానికి సరిపోవచ్చు. పంపు ఎలిమెంట్లకు అట్లే వర్తింపజేసి, తరువాత డిపోలో నిలిచిన బండ్ల లెక్క రవాణా విభాగం ఖాతాలో వ్రాయడం సబబు కాదు. నియమాన్ని మీరనక్కరలేదు. టెండరులోనే బెంచి పరీక్ష కాగితం, పార్టు నంబరు, తయారీదారు అధీకృత విక్రేతగా ధ్రువపత్రం అడిగితే సరి. వచ్చిన సరుకులో ఒకటి రెండింటిని విడదీసి బెంచిమీద చూచిన పిమ్మటే బిల్లు పాస్ చేసే షరతును కూడ అందులోనే చేర్చవచ్చు. తీసివేసిన పాత ఎలిమెంట్లను తుక్కులో అమ్మేముందు నలుగగొట్టడం కూడ మరువరాదు. వాటికి మెరుగుపెట్టి కొత్త పెట్టెలో అమ్మేవారున్నారు.