గుప్పెడు గింజలు

పెరడు మానేసి పదేళ్ళు దాటాక, నిరుడు మళ్ళీ పలుగు పట్టాను. నడుం పట్టేసిందనుకోండి, అది వేరే సంగతి. కొట్లో కొన్న సంకర బీర విరగకాసింది. ఆ కాయల గింజలే దాచి ఈ ఏడు పెడితే ఒక్కో పాదూ ఒక్కో రకంగా కాసింది! సంకరపు గింజ గుణం నిలవదు మరి.

అమ్మ చిక్కుడు అలా కాదు. దాని పువ్వు చాలామటుకు సొంత పుప్పొడితోనే కాయ కడుతుంది కనుక ఏటేటా అదే రుచి. అమ్మ గింజలు గలగలలాడేలా ఎండబెట్టి, బూడిద కలిపి, కుండలో పోసి మూతికి గుడ్డ కట్టేది. 2014లో ఆవిడ పోయాక నేను ఆ కుండ వంక చూడలేదు. చూసేసరికి అన్నీ పుచ్చులే. తప్పు నాదే, ఎవరిననను?

మొన్న తొలకరికి ఎదురింటి పిన్నిగారికి పొట్ల గింజలిచ్చి, "బదులు మీ దగ్గరేమున్నాయండీ?" అన్నాను. ఆవిడ పాత పౌడరు డబ్బా విప్పి నా చేతిలో గుప్పెడు చిక్కుడు గింజలు పోశారు. గోధుమరంగు గింజ, అంచున తెల్లటి గీత.

"మీ అమ్మ ఇచ్చినవేనమ్మా. ఏటా పెడుతూనే ఉన్నాను."

సగం నాటాను. మిగతా సగం పక్క వీధి టీచరుగారికిచ్చాను. ఆవిడ దగ్గర మంచి దోస ఉందట.