కూర్చోనివ్వని కుర్చీలు

కుర్చీ ఎందుకు పుట్టింది? కూర్చోడానికి. దీపం ఎందుకు పుట్టింది? వెలుతురివ్వడానికి. యింతకన్నా తేలిక ప్రశ్నలు ఒకటో తరగతి పిల్లల్ని కూడా అడగరు. కానీ యీ రెండు జవాబులూ పట్టుకుని యివాళ్టి డిజైన్ ఉత్సవాలకి వెళ్ళారా, మిమ్మల్ని పాతకాలపు మనిషి కింద జమకట్టేస్తారు. అక్కడ కుర్చీ మాట్లాడుతుందిట. దీపం ప్రశ్నిస్తుందిట. నిజమే మరి! కూర్చోబెట్టడం, వెలుతురివ్వడం తప్ప తక్కిన పనులన్నీ చేస్తున్నాయి పాపం.

యిది విని చెబుతున్న మాట కాదండోయ్. 2023 సెప్టెంబరులో మా చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు లండన్ డిజైన్ ఫెస్టివల్ కళ్ళారా చూశాను. 2003లో మొదలైన ఉత్సవం అది. ఏటా సెప్టెంబరు వచ్చేసరికి మ్యూజియంలూ, షోరూములూ, పాత గిడ్డంగులూ అన్నీ కొత్తరకం బల్లలతో, కుర్చీలతో, దీపాలతో నిండిపోతాయి. మన తిరునాళ్ళ సందడే. జీళ్ళూ, ఖర్జూరాలూ వుండవంతే.

మేం ముందుగా షోర్‌డిచ్ పేటకి వెళ్ళాం. పంతొమ్మిదో శతాబ్దంలో అది వడ్రంగుల పేట. కర్టెన్ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో కాళ్ళు చెక్కేవాళ్ళు, పాలిష్ పెట్టేవాళ్ళు, మెత్తలు కుట్టేవాళ్ళు వందలకొద్దీ బ్రతికారు. ఆ పనివాళ్ళు పాత సామాను చూసి మెళకువలు నేర్చుకుంటారని 1914లో అక్కడ ఒక మ్యూజియం కూడా పెట్టారు. యిప్పుడు దాని పేరు మ్యూజియం ఆఫ్ ది హోమ్. వుత్సవానికి తగిన చోటే! కానీ నేను వెళ్ళిన హాల్లో చిత్రికపట్టిన చెక్క వాసన కూడా లేదు. యాభై అరవై కుర్చీలున్నాయి. ప్రతిదాని పక్కనా చిన్న అట్ట: "దయచేసి కూర్చోవద్దు."

మా చెల్లెలి అత్తగారికి డెబ్భై దాటాయి. మోకాళ్ళ నెప్పులు. గంటసేపు తిరిగాక, "అమ్మాయ్, యిన్ని కుర్చీలుండీ కూర్చోడానికి చోటులేని యిల్లు యిదే చూడటం. పెళ్ళివారింట్లో కూడా ఇంత కరువు లేదు" అంటూ వెళ్ళి మెట్లమీద కూలబడ్డారు. యింతలో ఆ కుర్చీలు తయారుచేసిన కుర్రాడు నవ్వుతూ వచ్చాడు. మర్యాదస్తుడే. ఇది వాడుకోడానికి కాదు, ఆలోచింపజెయ్యడానికి చేసిందని నాకు విడమరిచి చెప్పాడు. బాగానే వుంది. మరి మెట్లమీద కూర్చున్న ఆవిడని చూసి అతను ఏమాలోచించాడో?

ప్రయోగాలు వద్దనడం లేదు నేను. కానీ యీ ప్రయోగాలన్నింటికీ ఒకటే మనిషి కొలత. పాతికేళ్ళవాడు, నెప్పుల్లేనివాడు, ఒంటిగాడు, వంట ఎరగనివాడు. మూరెడెత్తు సోఫాలో దిగబడితే లేవడానికి పట్టుకునే చెయ్యి వుండదు. పిల్లనెత్తుకున్న తల్లికి ఆ కుర్చీలో మోచెయ్యి ఆనదు. మబ్బులా వేలాడే దీపాన్ని దులపడానికి నిచ్చెన ఎవరెక్కాలో అట్టమీద రాసి వుండదు.

"అయితే నీకు అందం గిట్టదా?" అంటారు. ఎందుకు గిట్టదూ? యిదే ఇంగ్లండులో 1932లో కార్‌వార్డైన్ అనే కారు స్ప్రింగుల ఇంజనీరు ఒక బల్లదీపానికి పేటెంటు తీసుకున్నాడు. యాంగిల్‌పాయిజ్ అంటారు. మన చేతిలా మడుస్తుంది. ఎక్కడికి లాగితే అక్కడ, ఎలా వంచితే అలా నిలబడి పుస్తకం మీదో, కుట్టుపని మీదో వెలుతురు పోస్తుంది. దానికన్నా అందమైన దీపం నేను చూడలేదు. యిటలీలో కాస్టిగ్లియోనీ సోదరులు 1962లో ఆర్కో అనే దీపం చేశారు. అడుగున పాలరాతి దిమ్మ దాదాపు 65 కిలోలు. ఆ దిమ్మలో ఒక బెజ్జం పెట్టారు. ఎందుకో తెలుసా? అందులో చీపురుకర్ర దూర్చి ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టుకోడానికి! దీపం గీస్తూ చీపురుకర్రని తలుచుకున్నారు చూడండి, ఆ బుద్ధికి దణ్ణం పెడతాను.

యిక మన చెంబు సంగతి. 1958లో అమెరికా నుంచి ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వం పిలుపు మీద వచ్చి, దేశమంతా తిరిగి ఒక నివేదిక రాశారు. అహమ్మదాబాదులో 1961లో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది దాని ఫలితంగానే. ఆ నివేదికలో వాళ్ళు మెచ్చుకున్న వస్తువేది? తాజమహలు కాదు, మనం నీళ్ళు తాగే చెంబు. దాన్ని పట్టుకునే చేతులు ఎంతవి, వాటి బలమెంత, ఆడవా మగవా, తల మీద మోస్తారా, చంకన పెట్టుకుంటారా అని లెక్కవేసుకుంటూ పోయారు. "ఎవరి చేతులు?" అన్న ఆ ఒక్క ప్రశ్న ఆ హాల్లో అట్టలన్నీ చదివినా నాకు కనిపించలేదు.

అట్టలంటే గుర్తొచ్చింది. గీసినవాడి పేరు బొటనవేలంత అక్షరాల్లో వుంటుంది. చెక్కినవాడు, ఊదినవాడు, అల్లినవాడు సోదిలోకి రారు. యిది యివాళ పుట్టిన అన్యాయం కాదు. యీ ఉత్సవానికి ఏళ్ళ తరబడి కేంద్రంగా వున్న విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణలో మన విశాఖపట్నం సామాను వుంది. పద్ధెనిమిదో శతాబ్దంలో మన కంసాలివాళ్ళు దంతం పొదిగి, దానిమీద పూలూ తీగెలూ గీసి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపి కంపెనీ దొరలకి చేసిపెట్టిన పనితనం. వూరిపేరు నిలిచింది. దొరలూ దొరసానులూ దర్జాగా కూర్చున్నారు. చేసినవాడి పేరే చరిత్రకి చిక్కలేదు. సరే, ఆ రోజులకి కెమెరాల్లేవు, అట్టల్లేవు. ఈ రోజున ఆ సాకైనా లేదే!

లండను వాళ్ళని అంటున్నానని మనవాళ్ళు ముసిముసి నవ్వులు నవ్వనక్కర్లేదు. ఆ ఉత్సవాల బొమ్మలు చూసే కదా మన హైదరాబాదు, విజయవాడ ఫ్లాట్లు ముస్తాబవుతున్నాయి! హాల్లో ఫాల్స్ సీలింగు, దానినిండా నక్షత్రాల్లా దీపాలు. వంటింట్లోకి వెళ్ళండి. వెనకగోడకి ఒక్క ట్యూబులైటు. గట్టు దగ్గర నిలబడ్డ మనిషి నీడ సరిగ్గా తను తరిగే కూరమీదే పడుతుంది. అలమార కింద ఒక దీపం బిగిస్తే తీరిపోయే బాధ అది. కానీ నెలకోసారి వచ్చే అతిథి కళ్ళకున్న విలువ, రోజుకి ఐదుగంటలు అక్కడే నిలబడే ఇల్లాలి వేళ్ళకి లేదు.

నేను నవలలు రాసుకునేదాన్ని. ఒక యింటి సంగతి తెలియాలంటే అందులో ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు అని చూస్తాను. తక్కిన వర్ణనంతా తర్వాత. మన యిళ్ళల్లో పడకకుర్చీ తాతగారిది, వుయ్యాలబల్ల మామగారిది. ఆడవాళ్ళకి గుమ్మం వుండేది ఆనుకోడానికి. యివాళ లక్షలు పోసి తెచ్చిన సోఫాసెట్టులో ఆ లెక్క ఏమన్నా మారిందా? వంటింట్లో ఒక్కటంటే ఒక్క కుర్చీ, కూర్చుని పని చేసుకోడానికి వీలయిన ఎత్తులో ఒక్క బల్ల, ఎన్ని యిళ్ళల్లో వుందో మీరే లెక్కపెట్టి చెప్పండి.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా! సామాను కొనబోయేముందు కేటలాగు మూసి, యింట్లో అందరికన్నా పెద్దవాళ్ళని షాపుకి తీసికెళ్ళండి. కూర్చోమనండి. ఎవరి సాయమూ లేకుండా లేవగలిగితేనే డబ్బు తీయండి. యిల్లు కట్టించేటప్పుడు ఇంజనీరుగారి చేతికి రాత్రి ఏడింటికి ఒక కత్తిపీటా, రెండు ఉల్లిపాయలూ యిచ్చి వంటింట్లో నిలబెట్టండి. దీపం ఎక్కడ పెట్టాలో ఆయనకే తెలుస్తుంది, వేలు తెగేలోపున.